నెల బడ్జెట్‌లో గోల్ఫ్ ఆడొచ్చా? లెక్క వేసి చూద్దాం

ఇవాళ్టి ఎపిసోడ్ గోల్ఫ్ గురించి. ఆగండాగండి, "ఇది మనకి కాదులే" అని పక్కకి జరిపేయకండి. నేను మాట్లాడబోయేది సరిగ్గా ఆ మాట గురించే.

మన ఇళ్లలో గోల్ఫ్ అంటే డబ్బున్నోళ్ల ఆట. సినిమాలో హీరోయిన్ వాళ్ల నాన్న తెల్ల టోపీ పెట్టుకుని ఆడతాడు, పక్కన పీఏ ఫైల్ పట్టుకుని నిలబడతాడు. మనకి తెలిసిన గోల్ఫ్ అంతే. నేను బీటెక్ అయ్యాక సాఫ్ట్‌వేర్‌లో చేరి, ప్రాజెక్ట్ మీద డల్లాస్ వెళ్లినప్పుడు మొదటిసారి ఆడాను. తిరిగొచ్చాక హైదరాబాద్‌లో కొనసాగించాను. రెండేళ్ల కింద ఉద్యోగం మానేసి ఈ వీడియోల పనిలోకి వచ్చాను కదా, అప్పుడు ఆదాయం సగానికి సగం పడిపోయింది. "ఇప్పుడైనా ఆ ఆట మానేస్తావా?" అని అమ్మ అడిగింది. మానలేదు. కానీ లెక్క మొత్తం మార్చేశాను. నెలకి 4,000 రూపాయలు. దాని మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టను.

4,000 అంటే చిన్న మొత్తం అని నేను అనను. చాలా ఇళ్లలో అది నెల సరుకుల బిల్లు. మీ దగ్గర 1,500 మాత్రమే ఉంటే దానితో ఏం చేయొచ్చో కూడా చెబుతాను. ముందు అసలు ఈ ఆట ఎందుకంత ఖరీదో అర్థం చేసుకుందాం. ఎందుకంటే ఖర్చు ఎక్కడుందో తెలిస్తేనే ఎక్కడ తగ్గించాలో తెలుస్తుంది.

క్రికెట్‌కి ఒక గ్రౌండ్ చాలు, షటిల్‌కి ఒక కోర్టు చాలు. గోల్ఫ్‌లో 18 హోల్స్ ఉండే పూర్తి కోర్స్‌కి మామూలుగా వంద ఎకరాలకి పైనే కావాలి. గచ్చిబౌలి వైపు ఎకరం ఎంత పలుకుతుందో మీకు తెలుసు. ఆ వంద ఎకరాల్లో గడ్డి పెంచాలి, నీళ్లు పెట్టాలి, రోజూ కోయాలి, దానికి మనుషులు కావాలి. మీరు కట్టే డబ్బులో పెద్ద భాగం ఆ నేలకి వెళ్తుంది. మీ చేతిలో ఉన్న స్టిక్‌కీ బంతికీ వెళ్లేది దానితో పోలిస్తే చాలా తక్కువ.

ఈ ఎపిసోడ్ మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇదొక్కటే: గోల్ఫ్‌లో ఖరీదైనది ఆట కాదు, నేల. నేల అక్కర్లేకుండా చేయగలిగిన పని అంతా ఇంట్లో చేసుకోండి. నేల తప్పనిసరి అయిన పనికి మాత్రమే డబ్బు పెట్టండి. మిగతాదంతా దీని చుట్టూ తిరిగే లెక్కే.

"డబ్బున్నోళ్ల ఆట" అనేది కూడా అన్ని చోట్లా నిజం కాదు. గోల్ఫ్ పుట్టిల్లు స్కాట్లాండ్. అక్కడ సెయింట్ ఆండ్రూస్‌లో ఉన్న ఓల్డ్ కోర్స్ ప్రపంచంలోనే అందరికంటే పేరున్న కోర్స్. అది ఎవరి సొంత క్లబ్బూ కాదు, ఊరి వాళ్లందరిదీ. మామూలు ఆదివారాల్లో అక్కడ ఆట ఉండదు, ఊళ్లో జనం కుక్కల్ని తీసుకుని షికారు తిరుగుతారు. మన దేశానికి మాత్రం ఈ ఆట బ్రిటిష్ వాళ్ల క్లబ్బుల ద్వారా, కంటోన్మెంట్ల ద్వారా వచ్చింది. కలకత్తాలో గోల్ఫ్ క్లబ్ 1829లోనే మొదలైంది. గేటు, సభ్యత్వం, సిఫార్సు, ఇవన్నీ ఆ దారిలో వచ్చి అతుక్కున్నవి. ఆటలోనే ఉన్న గుణం కాదు అది.

డల్లాస్‌లో నేను చూసింది ఇదే. అక్కడ సిటీ కార్పొరేషన్‌కి సొంత కోర్సులున్నాయి. మనకి మున్సిపాలిటీ పార్కు ఎలాగో వాళ్లకి అలాగ. సీడర్ క్రెస్ట్ అని ఒకటుంది, 1927లో పీజీఏ ఛాంపియన్‌షిప్ అంతటి పెద్ద టోర్నీ అక్కడ జరిగింది. వాల్టర్ హేగన్ గెలిచాడు. ఇవాళ డబ్బు కట్టి ఎవరైనా అక్కడ ఆడొచ్చు, సభ్యత్వం అడగరు. అదే ఊళ్లో పెరిగిన లీ ట్రెవినో కథ వినండి. పేద ఇల్లు, తాతయ్య శ్మశానంలో గోతులు తవ్వేవాడు, ఇతను చిన్నప్పుడే బడి మానేసి పనిలో చేరాడు. కుర్రతనంలో డాక్టర్ పెప్పర్ సోడా సీసాకి టేప్ చుట్టి, దానితోనే బంతిని కొట్టి పందేలు గెలిచేవాడు. తర్వాత అదే మనిషి ఆరు మేజర్ టైటిల్స్ గెలిచాడు. స్పెయిన్‌లో సెవె బయెస్తెరోస్‌దీ అలాంటి కథే. సముద్రం ఒడ్డున ఇసుకలో ఒకే ఒక్క పాత 3 ఐరన్‌తో ఆట నేర్చుకున్నాడు. ఐదు మేజర్లు గెలిచాడు.

వాళ్లు మహానుభావులు, మనం కాదు. ఒప్పుకుంటాను. అయితే స్టిక్స్ తక్కువైనందువల్ల ఆట ఆగదు అనేది ఇద్దరి దగ్గరా కనిపిస్తుంది.

సరే, ఇప్పుడు లెక్కలోకి వద్దాం. 18 హోల్స్ ఉండే కోర్స్‌కి సాధారణంగా పార్ 72. అంటే మంచి ఆటగాడు 72 దెబ్బల్లో పూర్తి చేయాలి అని కోర్స్ పెట్టుకున్న అంచనా. ఆ అంచనాలోనే ప్రతి హోల్‌కీ రెండు పట్స్ కలిపి ఉంటాయి. పట్ అంటే హోల్ దగ్గర, నున్నగా కోసిన గడ్డి మీద బంతిని దొర్లించే చిన్న దెబ్బ. ఆ గడ్డిని గ్రీన్ అంటారు. 18 హోల్స్, హోల్‌కి రెండు, మొత్తం 36. అంటే 72లో సగం! మరి మనందరం టీవీలో చూసి మురిసిపోయే ఆ పెద్ద దెబ్బ, డ్రైవర్‌తో కొట్టేది? ఎంత ఎక్కువ వాడినా రౌండ్‌కి 14 సార్లే. మిగతా నాలుగు హోల్స్ సాధారణంగా పొట్టివి, వాటిలో డ్రైవర్ అవసరం పడదు.

ఇప్పుడు గమనించండి. 14 సార్లు వాడే డ్రైవర్ చాలా సెట్లలో అందరికంటే ఖరీదైన స్టిక్. 36 సార్లు వాడే పటర్ ప్రాక్టీస్‌కి మీ హాలు చాలు.

అదితి అశోక్ గుర్తుందా? టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఒక్క స్ట్రోక్ తేడాలో పతకం పోయింది. ఆ నాలుగు రోజులూ ఆమె బంతిని దూరం కొట్టడంలో చాలా మంది కన్నా వెనకే ఉంది. ఆమెని పతకం అంచు దాకా తీసుకెళ్లింది పటర్.

ఇక కొనాల్సినవి. ఇక్కడ ఒక చిన్న గొడవ ఉంది, ఆడే కర్రనీ క్లబ్ అంటారు, సభ్యత్వం ఉండేదాన్నీ క్లబ్ అంటారు. తికమక లేకుండా నేను స్టిక్ అంటాను. రూల్ ప్రకారం బ్యాగ్‌లో 14 స్టిక్స్ కన్నా ఎక్కువ ఉండకూడదు. తక్కువ ఎన్ని ఉండాలి అనే రూల్ మాత్రం లేదు. షాపు వాళ్లు 14 చూపిస్తారు, మొదలుపెట్టే వాళ్లకి ఆరు చాలు: ఒక పటర్, ఒక శాండ్ వెడ్జ్, 9 ఐరన్, 7 ఐరన్, ఒక హైబ్రిడ్, ఒక 5 వుడ్. డ్రైవర్ తర్వాత ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. అసలు మొదటి మూడు నెలలు పటర్, 7 ఐరన్ రెండే ఉన్నా ఇబ్బంది లేదు.

సెకండ్ హ్యాండ్ కొనడానికి అస్సలు మొహమాటపడకండి. ఇనుప స్టిక్ పదిహేనేళ్లయినా పాడవదు. చూడాల్సినవి మూడే. ఒకటి, కొట్టే ముఖం మీద గీతలు పూర్తిగా అరిగిపోయాయా? రెండు, తల కదిపితే లోపల గలగలమంటోందా, షాఫ్ట్ వంగిందా? మూడు, పట్టుకునే గ్రిప్ రబ్బర్ గట్టిపడిపోయిందా? గ్రిప్ ఒక్కటే పోయి ఉంటే భయం లేదు, తక్కువలో మార్పించుకోవచ్చు. ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ చూడండి, డ్రైవింగ్ రేంజ్ దగ్గర కోచ్‌లని అడగండి. కొత్తది కావాలంటే డెకాథ్లాన్‌లో స్టిక్స్ విడివిడిగా కూడా దొరుకుతాయి. నేను హైదరాబాద్ వచ్చాక ఆరు స్టిక్స్ ఒక్కొక్కటిగా ఆరు నెలల్లో కొన్నాను, బ్యాగ్‌తో కలిపి 13,000 అయింది. దయచేసి ఈఎంఐ మీద మాత్రం కొనకండి. సరదాకి ఆడే ఆట కోసం నెలనెలా వాయిదా కట్టడం మొదలైతే ఆ సరదా ఎక్కువ కాలం నిలవదు.

బంతుల సంగతి. పేరున్న టాప్ బాల్స్ అమెరికాలోనే డజను 50 డాలర్లు దాటుతాయి. కొత్తగా ఆడే మనం వాటిని చెరువులోకి కొట్టి చూస్తూ నిలబడాలి. చెరువుల్లోంచి తీసి, కడిగి, రకాలుగా వేరు చేసి అమ్మే పాత బంతులుంటాయి, అవి చాలు. పైన రంగు మళ్లీ పూసినవి మాత్రం వద్దు, లోపల ఎలా ఉందో కనిపించదు. ఎప్పుడూ ఒకే రకం బంతి వాడండి, అప్పుడే అది ఎంత దొర్లుతుందో చేతికి అలవాటవుతుంది. పోయిన బంతిని వెతకడానికి రూల్ ఇచ్చేది మూడు నిమిషాలే, 2019 దాకా ఐదు ఉండేది. మూడు నిమిషాల్లో దొరక్కపోతే వదిలేసి ముందుకెళ్లండి, వెనకాల వాళ్లు ఎదురు చూస్తుంటారు.

బూట్లు? మామూలు స్పోర్ట్స్ షూస్‌ని చాలా కోర్సులు ఒప్పుకుంటాయి. కాలర్ ఉన్న టీషర్ట్ కావాలి, జీన్స్ చాలా చోట్ల రానివ్వరు. వెళ్లే ముందు ఫోన్ చేసి అడగండి. గేటు దగ్గర వెనక్కి పంపితే డబ్బు కన్నా మనసుకి ఎక్కువ తగులుతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఇంట్లో ప్రాక్టీస్. గోల్ఫ్ హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు. మీ వంటింట్లో స్టీలు గ్లాసు మూతి కొలవండి, దాదాపు 70, 75 ఉంటుంది. ఆ గ్లాసుని నేల మీద పడుకోబెట్టి, దానిలోకి పట్ చేయడం అలవాటు చేసుకోండి. కోర్స్‌లో నిజం హోల్ చూస్తే బకెట్‌లా కనిపిస్తుంది. ఇంట్లో టైల్స్ ఉంటే ఇంకా మంచిది. రెండు టైల్స్ మధ్య గీత ఉంటుంది కదా, అది స్కేలు పెట్టి గీసినంత నిటారు. ఆ గీత మీద బంతి పెట్టి, పటర్ గీత వెంటే వెనక్కి వెళ్లి గీత వెంటే ముందుకి వస్తోందా చూసుకోండి. టైల్ మీద బంతి మరీ జారిపోతుంది, కాబట్టి దూరం ప్రాక్టీస్‌కి యోగా మ్యాట్ పరవండి. మూడడుగుల నుంచి వరసగా 20 పడితేనే భోజనం, ఇది నా రూల్. కొన్ని రోజులు భోజనం లేటవుతుంది, అంతే.

డాబా ఉన్నవాళ్లు చిన్న చిప్ షాట్స్ కూడా చేయొచ్చు. చిప్ అంటే బంతిని కొంచెం లేపి దగ్గర్లో దించడం. నాలుగు గజాల దూరంలో చేటో బక్కెట్టో పెట్టి దాన్లో వేయండి. కానీ నిజం బంతితో వద్దు, చాలా గట్టిది, దాదాపు 46 గ్రాముల బరువు. పక్కింటి కిటికీ మాట అటుంచండి, కింద నడిచేవాళ్లకి తగిలితే ప్రమాదం. చిల్లులున్న ప్లాస్టిక్ బంతులో, స్పాంజ్ బంతులో దొరుకుతాయి, అవే వాడండి.

మన చేతిలో ఇంకో కోచ్ ఉంది, ఫోన్. స్లో మోషన్‌లో పెట్టి, స్వింగ్‌ని రెండు వైపుల నుంచి తీయండి. ఒకటి మీ ఎదురుగా, ఇంకోటి మీరు కొట్టే దిక్కు కనపడేలా మీ వెనక నుంచి. ఫోన్ ఎత్తు మీ చేతుల ఎత్తులో ఉండాలి, లేకపోతే కోణం మారి తప్పుడు బొమ్మ కనిపిస్తుంది. అయితే మొదటి రెండు మూడు పాఠాలు మాత్రం మనిషి దగ్గరే నేర్చుకోండి. గ్రిప్ ఎలా పట్టుకోవాలి, ఎలా నిలబడాలి, బంతి ఎక్కడ పెట్టాలి, ఈ మూడూ కోచ్ చేత్తో పట్టుకుని సరిచేస్తేనే కుదురుతాయి. తప్పుడు గ్రిప్‌తో వెయ్యి బంతులు కొడితే ఆ తప్పే గట్టిపడుతుంది.

దీని తర్వాత డ్రైవింగ్ రేంజ్. ఒకే చోట నిలబడి బకెట్ బంతులు కొట్టే స్థలం. సభ్యత్వం లేకపోయినా డబ్బు కట్టి ఆడనిచ్చే రేంజ్‌లు ఉంటాయి. రేటు ఊరిని బట్టి, రోజుని బట్టి మారుతుంది, ఫోన్ చేసి అడగండి. అక్కడికి కోపం తీర్చుకోవడానికి వెళ్లకండి. 50 బంతుల బకెట్ అనుకుందాం. పది వెడ్జ్‌తో, ఇరవై 7 ఐరన్‌తో, పది హైబ్రిడ్‌తో. చివరి పది మాత్రం ఒక్కోటి ఒక్కో స్టిక్‌తో, ప్రతిసారీ కొత్త గురి చూసుకుని కొట్టండి, కోర్స్‌లో ఆడుతున్నట్టే. ఇద్దరు ఫ్రెండ్స్ ఒక బకెట్ పంచుకుంటే ఖర్చు సగం, మధ్యలో విశ్రాంతి కూడా.

ఇక కోర్స్. హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లా దగ్గర ఒకటుంది, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్ ఉంది, సికింద్రాబాద్‌లో ఆర్మీ కోర్స్ ఉంది. వైజాగ్‌లో సముద్రం దగ్గర ఈస్ట్ పాయింట్ ఉంది. బయటివాళ్లని ఎప్పుడు, ఎలా రానిస్తారో ఒక్కో చోట ఒక్కో పద్ధతి. అడగాల్సిన ప్రశ్నలు నాలుగు: బయటివాళ్లకి గ్రీన్ ఫీ ఎంత? వారం మధ్యలో తగ్గుతుందా? తొమ్మిది హోల్సే ఆడొచ్చా? కేడీకి ఎంత ఇవ్వాలి? ఢిల్లీలో ఉన్న మనవాళ్లకి ఇంకో దారి ఉంది. లాడో సరాయ్‌లో డీడీఏ వాళ్ల కుతుబ్ గోల్ఫ్ కోర్స్ పబ్లిక్ కోర్స్. మన రెండు రాష్ట్రాల్లో కూడా అలాంటిది ఒక్కటైనా రావాలని నా కోరిక.

అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వినండి. మీకు దారి ఇంకా సులువు. మీ సిటీ పేరు పక్కన మున్సిపల్ గోల్ఫ్ అని వెతకండి. సాయంత్రం ట్విలైట్ రేటు ఉంటుంది, చీకటి పడే లోపు ఎన్ని హోల్స్ అయితే అన్ని. కార్ట్ తీసుకోకుండా నడవండి, ఆ డబ్బు మిగులుతుంది. ఒక్కరే వెళ్లినా ముగ్గురున్న గ్రూప్‌లో కలుపుతారు. నేను అలా ఒకసారి రిటైరైన బస్ డ్రైవర్‌తో తొమ్మిది హోల్స్ ఆడాను. నా ఇంగ్లీష్ భయం ఆ సాయంత్రం సగం పోయింది.

ఇప్పుడు నా నెల లెక్క. రేంజ్‌కి రెండు సార్లు, మొత్తం 1,200. బంతులు, గ్లవ్, చిల్లర ఖర్చు 300. మిగిలిన 2,500 హుండీలోకి. మొదటి రెండు నెలల హుండీ కోచ్‌కి ఇచ్చాను. ఆ తర్వాత ప్రతి రెండు నెలలకీ 5,000 చేరుతుంది, వారం మధ్యలో ఒక పూర్తి రౌండ్, కేడీ డబ్బుతో సహా. ఏడాదికి ఆరు రౌండ్లు. ఇంట్లో మాత్రం వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున, సున్నా రూపాయలకి. మీ బడ్జెట్ 1,500 అయితే నెలకి రేంజ్ ఒక్కసారి, మిగతాది హుండీ, మూడు నాలుగు నెలలకి ఒకసారి తొమ్మిది హోల్స్. ఆ తొమ్మిది హోల్స్ కోసం ఎదురు చూడటంలో ఒక రుచి ఉంది. చిన్నప్పుడు జాతర కోసం ఎదురు చూసేవాళ్లం చూడండి, అలాంటిది.

చివరగా ఒక మాట, ఇది చాలా ముఖ్యం. ఎక్కడైనా తగ్గించండి, కేడీ కూలి దగ్గర మాత్రం బేరం ఆడకండి. మీ బ్యాగ్ మోసి, గ్రీన్ వాలు ఎటుందో చెప్పి, గడ్డిలో మీ బంతి వెతికి పెట్టే మనిషి ఆయన. కేడీకి ఇవ్వడానికి డబ్బు చాలకపోతే ఆ నెల వెళ్లకండి, ఇంకో నెల ఆగండి. మనం తక్కువ డబ్బుతో ఆడటం కోసం మనకన్నా తక్కువ ఉన్నవాడి జేబులోంచి తీయకూడదు కదా. అన్నా అని పిలవండి, నేర్చుకోండి. ఢిల్లీలో కేడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు, 1993లో మళ్లీ గెలిచాడు. ఆ నేలని అందరికన్నా బాగా చదివింది దాని మీద రోజూ నడిచినవాళ్లే.

కొత్తలో కోర్స్‌లోకి అడుగుపెట్టినప్పుడు అందరూ మనల్నే చూస్తున్నట్టు అనిపిస్తుంది. పాత బ్యాగ్, ఆరు స్టిక్స్, స్పోర్ట్స్ షూస్. నిజానికి ఎవరి బంతి గొడవలో వాళ్లుంటారు. వంతు వచ్చినప్పుడు రెడీగా ఉండండి, ఇసుకలో ఆడితే రేక్‌తో సరిచేయండి, గ్రీన్ మీద బంతి పడిన గుంట పూడ్చండి, వేరేవాళ్లు కొట్టేటప్పుడు మాట్లాడకండి. ఈ నాలుగూ పాటించే మనిషి బ్యాగ్ ఎంత పాతదైనా ఆ నేల మీద పరాయివాడు కాదు.

మరి ఇవాళ రాత్రే గ్లాసు తీసి నేల మీద పడుకోబెట్టండి. స్టిక్ లేకపోతే ఒక ప్లాస్టిక్ బంతి, ఒక గొడుగు చాలు మొదలుపెట్టడానికి. మూడడుగుల నుంచి ఇరవైకి ఎన్ని పడ్డాయో కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో గ్రిప్ గురించి మాట్లాడుకుందాం. ఉంటాను ఫ్రెండ్స్, నమస్తే.